విమానానికి దిష్టి చుక్క

మా మ్యాచింగ్ సెంటర్లో ఒక పద్ధతి ఉంది. ట్యూబులైటు కింద నచ్చిన రంగును నేనెవరికీ కట్టివ్వను. చీర, జాకెట్టు గుడ్డ రెండూ చేతపట్టుకుని గడప దాటాలి, మెట్లు దిగాలి, చిక్కడపల్లి ఎండలో నిలబడి చూసుకోవాలి. అప్పటికీ బాగుందంటేనే కత్తెర పడుతుంది. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. "ఏమైతదక్కా, నాకు నచ్చింది, కట్ చెయ్యి" అంటారు. చెయ్యను. రేపు పెళ్లిలో ఆ జాకెట్టు వేరే రంగులో కనిపిస్తే తిట్టుకునేది నన్నే గానీ ట్యూబులైటును కాదు. మా షాపు ముందు ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు రెండు గుడ్డలు పక్కపక్కన పెట్టుకుని, తల ఓ పక్కకు వాల్చి నిలబడి ఉంటారు. కొత్తగా ఆ దారిన వెళ్లేవాళ్లకు వింతగా ఉంటుంది. పాతవాళ్లు తప్పుకుని పోతారు.

నా కన్ను మీద నాకు గర్వం. దాచుకోను. చీర తేకుండా రంగు నోటితో చెప్పినా సరే, "మామిడిపండు రంగు, కానీ బాగా పండింది కాదు" అన్నా సరే, అరలోంచి సరైన తాను లాగి కౌంటర్ మీద పరుస్తాను. నారాయణగూడ నుంచి, హిమాయత్‌నగర్ నుంచి, అక్కడి షోరూములన్నీ దాటుకుని నా దగ్గరికి వస్తారు. మా పనిలో గొప్పతనమంతా కనిపించకపోవడంలో ఉంది. ఫాల్ ఎక్కడ కుట్టామో తెలియకూడదు. జాకెట్టు చీరలో కలిసిపోవాలి. వేరుగా కనిపించిందా, నా పని చెడినట్టే. ఇన్నేళ్లూ నేను చేసిందల్లా రంగును రంగులో కలిపేయడమే. రంగును కనిపించేట్టు చెయ్యడం ఇంకో విద్య అని మా అమ్మాయి విమానం ఇంటికి వచ్చేదాకా నాకు తెలియదు.

ముందు మా అమ్మాయి గురించి చెప్పాలి. మా అమ్మాయి నలుపు. 'ఛామనఛాయ' అని మెత్తగా చెప్పే అలవాటు మా చుట్టాలకు ఉంది గానీ, రంగులమ్ముకుని బతికేదాన్ని, నాకు ఆ మెత్తదనం అక్కర్లేదు. నలుపే. మంచి నిగనిగలాడే నలుపు. పుట్టిన కొత్తలో మా అత్తమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని, కాటుక డబ్బీ తెరిచి బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టి, చూడ్డానికి వచ్చిన వాళ్లతో అంది: "చుక్కయితే పెట్టిన గానీ, కనవడాలె గద!" అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. కానీ నాకు మాత్రం అది గోటి సందులో ముల్లులా ఉండిపోయింది. ఆ జోకు మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ మళ్లీ మళ్లీ బయటికి వచ్చేది, పిల్ల కూడా వింటూనే పెరిగింది. చుట్టాల్లో ఒకావిడ నా మొహం మీదే "కాకి పిల్ల కాకికి ముద్దు" అంది. ఆవిడ తెచ్చిన పట్టుచీరకు ఆ రోజు నా షాపులో మ్యాచింగ్ దొరకలేదు.

మా అత్తమ్మను చెడ్డదని అనుకోవద్దు. పిల్లను పెంచింది ఆవిడే. నేను షాపులో గుడ్డలు కోస్తుంటే, జడలేసి బడికి దింపిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చుందీ ఆవిడే. కాకపోతే పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి. శనగపిండిలో పసుపు, మీగడ కలిపి రుద్దితే పిల్ల తెల్లబడుతుందని ఒక ఆదివారం మొదలుపెట్టింది, ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లేంత పిల్లయినా మానలేదు. ఇప్పుడు రుద్దనివ్వదు కాబట్టి, ఆదివారం పొద్దున్నే గిన్నెలో కలిపి బాత్రూములో పెట్టి వస్తుంది. ఇక నలుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో పండక్కి నల్లంచు చీర కూడా కొనం. మా ఆయన స్కూటర్ కొనబోతే షోరూములో నల్లది మాత్రమే ఉందన్నారు. ఆగి ఆగి, బస్సుల్లో వేలాడి, చివరికి బూడిదరంగుది తెచ్చుకున్నాడు.

కాలేజీలో మా అమ్మాయి చిన్న విమానాలు తయారుచేసే క్లబ్బులో చేరింది. మనుషులెక్కేవి కాదు, కింద నిలబడి రిమోట్‌తో ఎగరేసేవి. చిన్నవంటే మరీ చిన్నవి కాదు, రెక్కలు చాపితే మా షాపు కౌంటరంత ఉంటాయి. వేరే కాలేజీలతో పోటీ ఉంటుంది. విమానం అందరూ కలిసి చేస్తారు, ఎగరేసేది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరని తేల్చడానికి కంప్యూటర్ మీద ఎగరేయించి చూశారట. పడేయకుండా అందరికంటే ఎక్కువసేపు నిలిపింది మా అమ్మాయి. రిమోట్ తనకే ఇచ్చారు. ఆ సాయంత్రం షాపుకు వచ్చినవాళ్లందరికీ అడక్కుండానే చెప్పాను. ఫాల్ కోసం వచ్చిన ఒకావిడ, విమానం కబురంతా విని, ఫాల్ మర్చిపోయి వెళ్లిపోయింది.

రంగు వెయ్యడానికి విమానాన్ని ఆటోలో అశోక్‌నగర్‌లోని మా ఇంటికి తెచ్చింది. థర్మోకోల్ లాంటిదే గానీ దానికంటే గట్టిగా ఉండే ఫోమ్ షీట్లతో చేశారు. ముక్కు నుంచి తోక దాకా తెలుపు. మా అత్తమ్మ చూడగానే మొహం చిట్లించింది.

"గిదేంది బిడ్డా, పీనుగ మీద కప్పే గుడ్డ లెక్క తెల్లగున్నది? శుభమా అని కొత్తది తెస్తివి. జర పసుపన్న వెయ్యి."

"రంగేదైనా ఒకటే నానమ్మ. పసుపేస్త తియ్" అంది మా అమ్మాయి.

కోఠికి పోయి స్ప్రే డబ్బాలు నేనే కొన్నాను. షాపువాడు ఇచ్చిన మొదటి పసుపు నిమ్మకాయ పసుపు. రెండోది బస్సు మీద వేసే పసుపు. చేతిసంచిలోంచి మా పసుపు డబ్బీ తీసి చూపించి, అచ్చం ఆ రంగు ఇమ్మన్నాను. ఇచ్చేదాకా కదల్లేదు. విమానానికి పైనా కిందా ఒకేలా, తెలుపు మీద పసుపు రంగు పట్టీలు వేశాం. ఎంత ముద్దుగా ఉందో! ఆ తర్వాత బండి పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలని మా అత్తమ్మ పట్టు. ఆ చక్రాలేమో నిమ్మకాయ కంటే చిన్నవి. ముందుకు తోస్తే విమానం నిమ్మకాయ ఎక్కలేక పక్కకు ఒరిగింది. చివరికి నేనే నిమ్మకాయలు పిండి ఆ రసం చక్రాలకు పూశాను. దేవుడు సర్దుకుంటాడులే అని మా ఆయన అన్నాడు.

మొదటిసారి ఎగరేసే రోజు ఆదివారం. షాపు మూసి నేనూ వెళ్లాను. ఊరి బయట, ఇళ్లు ఇంకా లేవని మైదానంలా పడున్న ప్లాట్ల దగ్గర ఎగరేస్తారు. ఎండ లేదు, అలాగని మబ్బూ లేదు. ఆకాశమంతా విరిగిన పాల నీళ్ల రంగులో ఉంది. విమానం మట్టి మీద పరిగెత్తి, లేచింది. నా గుండె కూడా దానితోనే లేచింది. ఒక చుట్టు తిరిగింది, బాగుంది. రెండో చుట్టులో దూరం వెళ్లి పల్చబడింది. కళ్లు చికిలించి చూశాను. ఉందని శబ్దం చెబుతోంది, కంటికి మాత్రం ఒక గీత ఆనుతోంది, మళ్లీ పోతోంది.

"లోపలికి తిరిగిందా, బయటికా?" అని అరిచింది మా అమ్మాయి. ఒకరు లోపలికి అన్నారు, ఒకరు బయటికి అన్నారు. ఆమె రిమోట్ మీద వేలు కదిపింది. ఆ గీత కాస్తా కిందికి జారి, తుమ్మచెట్ల వెనక పడింది. వెళ్లి చూస్తే ముక్కు, రెక్క, తోక దేనికది విడిపోయి ఉన్నాయి. మా పసుపు పట్టీలు మాత్రం చెక్కుచెదరలేదు.

టీంలో ఒక సీనియర్ ఉన్నాడు, ఆఖరి సంవత్సరం అబ్బాయి. "చూసినం గద సార్, రిమోట్ నేను పట్టుకుంట" అన్నాడు. వాళ్ల సార్ కాసేపు ముక్కల వంక చూసి తేల్చేశారు. ఇంకో విమానం దాదాపు తయారై ఉంది. వచ్చే ఆదివారం దాన్ని మా అమ్మాయే ఎగరేస్తుంది. అది కూడా పడిందంటే, పోటీలో రిమోట్ సీనియర్‌కి. మా అమ్మాయి తల ఊపింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పిల్ల చేతుల్లో పడిందనే మాటే తప్ప, ఎందుకు పడిందని ఒక్కరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక నేనే అడిగాను. అది మంచం మీద కూర్చుని, తన అరచేతిని విమానంలా చాపి చూపించింది.

"నా చెయ్యి వణకలే అమ్మా. నాకు కనవడలే. దూరంల అది పక్కకు వాలినప్పుడు వీపు కనిపిస్తే నా దిక్కు తిరుగుతున్నట్టు, పొట్ట కనిపిస్తే అవతలికి పోతున్నట్టు. వీపుకు, పొట్టకు ఒకటే రంగు వేసినం. ఆకాశం గూడ అదే రంగు. పైంగ ఆ ఫోమ్‌ల నుంచి వెలుగు దిగుతది. ఏది వీపో ఏది పొట్టో ఎట్ల తెలుస్తది?" అని, ఆ చెయ్యి దించేసి అంది, "మస్తు మ్యాచింగ్ చేసినం."

ఆ మాటకు నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. చీరకు జాకెట్టు కలిపినట్టు ఆకాశానికి విమానాన్ని కలిపేసుకున్నాం మేము. నా పని కలిపేయడం, దాని పని విడదీయడం.

"అయితే ఇప్పుడేం కావాలె?" అన్నాను.

"పైన పసుపు ఉండనీ. కింద పొట్టంతా నలుపు కావాలె. వెలుగు దిగకుండ మందంగ."

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. మా అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నలుపా? మతిపోయిందా? ఉన్నది ఒక్కటే ఇమానం. ఒకటి పడ్డది సాలదా? శుభమా అని ఎగరేసేదానికి నలుపు ఏస్తరా ఎవరన్న?"

"పసుపేస్తేనే పడ్డది నానమ్మా."

"పసుపును అనకు!"

"మరి నలుపును అనొచ్చా?" అంది మా అమ్మాయి. గొంతు పెద్దది కాలేదు, సన్నబడింది. "నలుపు ఏం జేసింది నిన్ను? నేను గూడ నల్లగనే ఉన్న గద నానమ్మా. నన్ను గూడ శుభానికి పనికి రాదంటవా?"

మా అత్తమ్మకు ఎవరికీ బదులు చెప్పకుండా ఊరుకునే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం గరిటె చేత్తో పట్టుకునే తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. ఇరవై ఏళ్లుగా నేను అనాలనుకుని మింగిన మాటను నా కూతురు నిలబడి అనేసింది. బాధ లేదని కాదు గానీ, ఆ క్షణంలో నాకు దాన్ని చూస్తే గర్వంగానే ఉంది.

అలాగని ఇంట్లో పెద్దదాన్ని తోసేసి నలుపు పూయించడం నాకు ఇష్టం లేదు. బేరం పెట్టాను. మెరూన్ వేద్దామా, నెమలిపింఛం నీలం వేద్దామా, బాటిల్ గ్రీన్ ఎలా ఉంటుంది అని. చీకటిగా ఉండే రంగులు నా దగ్గర నలుపు కాకుండా బోలెడున్నాయి. మా అమ్మాయి ఆలోచించి, "ఏమో అమ్మా, దూరం నుంచి చూస్తెనే గద తెలిసేది" అంది. అప్పుడు నాకు మా షాపు గడప గుర్తొచ్చింది.

"రేపు పొద్దున ఎండలో చూద్దాం పా" అన్నాను. అత్తమ్మ గది వైపు తిరిగి, "మీరు గూడ రావాలె అత్తమ్మా, మీరు చెప్పినదే వేస్తం" అని కేకేశాను.

మా అశోక్‌నగర్‌లో ఇప్పుడు ఇళ్ల కంటే హాస్టళ్లు ఎక్కువ. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని డాబాల మీదికి ఎక్కేస్తారు. ఏ డాబా చూసినా పెదవులు కదిలిస్తూ అటూ ఇటూ నడిచేవాళ్లే. మాకు నాలుగు వీధుల అవతల ఎత్తయిన ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. వార్డెన్ నా దగ్గర జాకెట్టు గుడ్డలు కొంటుంది కాబట్టి పై డాబా ఎక్కడానికి ఒప్పుకుంది. షాపులోంచి నేను ముక్కలు కోసిచ్చాను: తెలుపు, పసుపు, ఆకాశనీలం, రాణీ రంగు, ఎరుపు, చిలకపచ్చ, మెరూన్, నలుపు. మా అమ్మాయి వాటిని ఒకే కొలత అట్టలకు అతికించి, ఆ డాబా మీద వాటర్ ట్యాంకు పైపుకూ ఇంకో ఇనుప చువ్వకూ మధ్య తాడు కట్టి వేలాడదీసింది. మా డాబా మీది నుంచి చూస్తే వాటి వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేదు.

నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. రంగులు చెప్పడమంటే నాకు నీళ్లు తాగినంత. చూస్తే ఏముంది? తెలుపు లేదు. ఆకాశనీలం లేదు. పసుపు ఒకసారి ఉంది, ఒకసారి లేదు. రాణీ రంగూ, ఎరుపూ, చిలకపచ్చా మూడూ కలిసి ఒకే మాసిన రంగు అయిపోయాయి. రాణీ రంగుకు ఎరుపుకు తేడా తెలియని రోజొకటి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మెరూన్ పర్వాలేదు. నలుపు మాత్రం గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉంది.

పక్క డాబా మీద చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు మూసి మా వైపు వచ్చేశారు. ఒకమ్మాయికి విషయం చెబితే, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అక్కా, జవాబు ఒక్కటే ఉంది, మిగిలిన ఆప్షన్లు ఏవి?" అంది. అందరూ నవ్వారు.

మా అత్తమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇంకో కన్ను మూసుకుని, ఆపరేషన్ అయిన కంటితో చూసింది.

"ఒక్కటే కట్టిందేందే పిల్ల? నల్లది ఒక్కటే ఉన్నది. మిగిలినయి ఎప్పుడు కడ్తది?"

"అన్నీ కట్టింది అత్తమ్మా."

ఆవిడ నమ్మలేదు. మా అమ్మాయికి ఫోన్ చేసి తాడు ఊపమన్నాను. ఊపినప్పుడు మిగతావి ఒక్కసారి తళుక్కుమని మళ్లీ పోయాయి. నల్లది ఊగుతూ కనిపిస్తూనే ఉంది. మా అత్తమ్మ చాలాసేపు చూసింది. మెట్లు దిగి కిందికి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం రెండో విమానం ఇంటికి వచ్చింది. వీపు మీద పసుపు వేసి ఆరబెట్టి, వెల్లకిలా తిప్పి పెట్టుకుంది మా అమ్మాయి. నల్ల డబ్బా పక్కనే ఉంది గానీ మూత తియ్యలేదు. నానమ్మ కోసం చూస్తోందని నాకు తెలుసు. కాసేపటికి మా అత్తమ్మ గదిలోంచి వచ్చింది. చేతిలో కాటుక డబ్బీ.

"నేను నలుపు ఎయ్యమంటలేను" అంది, ఎవరి మొహమూ చూడకుండా. "దిష్టి చుక్క పెడ్త. దానికి శాస్త్రం ఒప్పుకుంటది."

"చుక్క జర పెద్దగుండాలె నానమ్మా."

"ఎంత?"

"పొట్టంత."

మా అత్తమ్మ విమానాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. "గంత పైకి పొయ్యేదానికి దిష్టి గూడ గంతనే తగుల్తది. పెట్టు" అంది. వంగి, కాటుక వేలితో విమానం పొట్ట మీద సరిగ్గా మధ్యలో మొదటి చుక్క తనే పెట్టింది. ఆ చుక్క చుట్టూ మొదలుపెట్టి రెక్కల చివర్ల దాకా మా అమ్మాయి నల్లరంగు కొట్టింది. వెలుగు దిగకుండా రెండోసారి కూడా కొట్టింది. మా ఆయన వచ్చి చూసి, తన బూడిదరంగు స్కూటర్ గుర్తొచ్చి కాబోలు, నా వైపు తిరిగి, "నాకెందుకు తోచలే ఈ ఉపాయం?" అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఆ పొద్దున బాత్రూములో శనగపిండి గిన్నె లేదు. నేను గమనించాను, మా అమ్మాయీ గమనించింది. మా అత్తమ్మ మాకంటే ముందు చీర మార్చుకుని, "నేను గూడ వస్త" అని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

మైదానంలో ఆ రోజు వేరే కాలేజీల పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల ఇళ్లవాళ్లకు ఒక షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆకాశం పోయిన ఆదివారం లాగే వెలిసిపోయి ఉంది. నాలుగైదు విమానాలు పైన తిరుగుతున్నాయి. తెల్లవీ ఎర్రవీ నీలివీ కాస్త దూరం పోగానే అన్నీ ఒకటే. మా అమ్మాయి మైదానం మధ్యలో నిలబడింది. సీనియర్ అబ్బాయి ఆమె పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రిమోట్ ఇటా అటా అన్నది ఇంకాసేపట్లో తేలిపోతుంది. దేవుడికి దండం పెట్టుకుందామంటే, ఏ దేవుడూ గుర్తుకు రాలేదు.

విమానం లేచింది. మొదటి చుట్టు అయింది. రెండో చుట్టులో మళ్లీ అంతే దూరం, అవే తుమ్మచెట్ల పైకి వెళ్లింది. నేను కుర్చీలోంచి లేచాను. అక్కడే పోయిన వారం మాయమైంది. ఈసారి మాయం కాలేదు. నల్లగా ఒక గీత, స్పష్టంగా. అది వాలింది. నలుపు పోయి పసుపు తళుక్కుమంది. మా అమ్మాయి బయటికే అంటోంది, "వీపు... నా దిక్కు వస్తున్నది." మళ్లీ నలుపు. "పొట్ట... పోతున్నది." ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. అంత దూరం నుంచి నాకే తెలుస్తోంది, ఎటు తిరిగిందో, ఎటు పోతోందో.

ఆ చెట్ల మీద అలవోకగా తిప్పి వెనక్కి తెచ్చింది. ఇంకో చుట్టు తిప్పింది. కావాలనే ఇంకా దూరం పంపి ఇంకో చుట్టు తిప్పింది. అది పొగరు. నా నుంచే వచ్చి ఉంటుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుంటే ఆ క్షణం చూడ్డం పోతుందని తుడుచుకోలేదు. నా కూతురు అంత పొడుగు మనిషని నాకు అప్పటిదాకా తెలియదు.

షామియానాలో మా పక్క కుర్చీలో ఇంకో కాలేజీ అబ్బాయి తల్లి కూర్చుని ఉంది. మా అత్తమ్మ వైపు వంగి అడిగింది, "ఆ రిమోట్ పట్టుకున్న అమ్మాయి మీకేమవుతుందండీ?"

మా అత్తమ్మ ఈ ప్రశ్నకు ఇరవై ఏళ్లుగా ఒకటే జవాబు చెబుతోంది. నా మనుమరాలు, రంగు జర తక్కువ గాని చదువుల ఫస్టు అని. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, డాక్టరు దగ్గర కూడా అదే. నేను పళ్లు బిగించుకుని ఎదురుచూశాను.

"నా మనుమరాలు" అంది మా అత్తమ్మ. చెయ్యెత్తి ఆకాశంలోకి చూపించింది. "గదో, అన్నిట్ల నల్లగ ఎగుర్తున్నది చూడు. గది మాది."

అంతే. ఆ తర్వాత 'గాని' లేదు.

విమానం కిందికి దిగి, మట్టి మీద కాస్త గెంతి, మా అమ్మాయి కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సీనియర్ అబ్బాయి వంగి దాని పొట్ట వైపు చూసి, "మస్తు కనవడ్తున్నది. మనోళ్ల విమానాలన్నిటికీ ఇట్లనే ఏద్దాం" అన్నాడు. మంచి పిల్లాడే. రిమోట్ మాట ఇక ఎత్తలేదు. వాళ్ల సార్ మా అమ్మాయి భుజం తట్టి వేరే పని మీద వెళ్లిపోయారు. పోటీలో ఎగరేసేది ఎవరన్నది అలా తేలిపోయింది.

మా అమ్మాయి చెమటలు కక్కుతూ షామియానాలోకి పరిగెత్తుకొచ్చింది. నన్ను పట్టుకుని ఊపేసింది. నానమ్మ దగ్గర మాత్రం ఆగింది. ఆ రోజు అన్న మాట ఇద్దరి మధ్యా ఇంకా ఉన్నట్టుంది.

మా అత్తమ్మ కొంగు ముడి విప్పింది. అందులో కాటుక డబ్బీ. "ఇట్ల రా" అని దాని గడ్డం పట్టుకుని, ఆ చెమట బుగ్గ మీద వేలితో గుండ్రంగా చుక్క పెట్టింది.

మా అమ్మాయి సగం నవ్వింది. ఆ పాత జోకు దానికి కంఠతా వచ్చు.

"కనవడ్తున్నదా నానమ్మా?"

మా అత్తమ్మ దాని చెయ్యి పట్టుకుని, షామియానా నీడలోంచి బయటికి, అప్పుడే కాసిన ఎండలోకి నడిపించుకుని వెళ్లింది. నా షాపు ముందు చీర చూసుకునేవాళ్లలా తల ఓ పక్కకు వాల్చి, ఆపరేషన్ అయిన కంటితో దాని మొహం నిదానంగా చూసింది.

"కనవడ్తున్నది బిడ్డా" అంది. "నాకు మంచిగ కనవడ్తున్నది."

రంగుల విషయంలో నన్ను మించిన కన్ను ఆ మైదానంలో ఇంకొకటి లేదు. నేనూ ఎండలోకి వెళ్లి చూశాను. కనిపిస్తోంది.